నత్తలు తిన్న వార్త

నేరేళ్ళకోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, కొండముచ్చులు, ముంగిసలు, ముళ్ళపందులు, ఇంకా లెక్కపెట్టలేనన్ని నత్తలు కాపురం ఉండేవి. పెద్దపులి కూడా ఒకటి ఉండేది కానీ, అది ఈ కథలోకి రాదు. అదీ మన మంచికే. ఈ కథలో అందరూ ఒక చెట్టు కింద గుమిగూడాల్సిన పని ఉంది.

ఆ చెట్టు తునికి చెట్టు. రోజూ సూర్యుడు పొడిచే వేళకు దాని కొమ్మకు ఒక పొడవాటి అడవి అరటాకు వేలాడుతూ ఉండేది. ఆకు మీద నేరేడుపళ్ళ రసంతో ఆ రోజు వార్త రాసి ఉండేది. మేతకు పోయేవాళ్ళు, నీళ్ళకు పోయేవాళ్ళు ఆగి చదువుకునేవారు. చదువు రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకునేవారు. ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ గొయ్యి పడిందో, ఏ దారి మంచిదో అందరికీ ఆ ఆకే చెప్పేది.

ఆకు కొస నేలను తాకుతూ ఉండేది. వానాకాలంలో నత్తలు ఆ కొస పట్టుకుని పైకెక్కి, కింది నుంచి పైకి తినుకుంటూ పోయేవి. ఇది దొంగతనం కాదు, పెద్దలు కుదిర్చిన ఒప్పందమే. నిన్నటి వార్త ఇవాళ్టికి పాచి. పాత ఆకు పోతేనే కదా కొత్త ఆకుకు చోటు. మధ్యాహ్నానికి పావు ఆకు, సాయంత్రానికి సగం ఆకు, మర్నాటి పొద్దుటికి ఈనె తప్ప అంతా నత్తల కడుపులో ఉండేది.

ఈ వార్తలు రాసేది కంటకమ్మ అనే ముసలి ముళ్ళపంది. కలం కోసం ఆవిడ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, వీపు మీదే మోపెడు కలాలు ఉండేవి. వార్త రాసే ముందు ఆవిడ ఆరు ముళ్ళు పీకి వరసగా నేలలో గుచ్చేది. ఏం జరిగింది? ఎవరికి జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? ఎందుకు? ఎలా? ఒక్కో ప్రశ్నకు జవాబు దొరికాక ఒక్కో ముల్లు తీసేది. ఎంత తిరిగినా జవాబు దొరక్కపోతే, ‘ఎందుకో ఇంకా తెలియలేదు’ అని ఆకు మీద ఒప్పుకుని, అప్పుడు తీసేది. తెలియనిది తెలిసినట్టు రాయడం ఆవిడ ఇంటా వంటా లేదు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆవిడకు. అసలు సంగతి ఆకు పైభాగాన, మొదటి వాక్యంలోనే ఉండాలి. నత్తకు అందని చోట రాయాలి అనేది కంటకమ్మ.

ఏళ్ళు గడిచి కంటకమ్మకు చూపు మందగించింది. ఒకరోజు ఆకు అనుకుని పక్కనున్న దుప్పి వీపు మీద రెండు వాక్యాలు రాసింది. ఇక లాభం లేదనుకుని, తన తర్వాత రాయడానికి ఎవరు ముందుకొస్తారని అడిగింది. ఇద్దరు వచ్చారు.

ఒకరు పింగళ అనే ముంగిస. సన్నగా, చురుగ్గా ఉండేది, ఏ కన్నమైనా దూరి చూసి వచ్చేది. రెండోవాడు తోకేశ్వరరావు అనే కొండముచ్చు. నల్లటి మొహం, వెండి జుట్టు, బారెడు తోక. నేరేళ్ళకోనలో తనంత అందంగా మాట్లాడేవాడు లేడని అతని నమ్మకం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, అదే వచ్చిన చిక్కు.

పదిహేను రోజుల పాటు ఒకరోజు ఒకరు, మర్నాడు ఇంకొకరు రాయాలని, పదహారో రోజు పొద్దున అడవి సభలో కలం ఎవరికో తేల్చాలని కంటకమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి తోకేశ్వరరావుకు తిన్నా పడుకున్నా ఆ కలమే ధ్యాస.

మొదటి వార్తతోనే అతను అడవిని ఊపేశాడు. జరిగింది చాలా చిన్న విషయం, ఒక ఉడుత కొమ్మ మీంచి జారిపడింది. తోకేశ్వరరావు దాన్ని ఆకు నిండా రాశాడు. ముందు కొమ్మను పొగిడాడు, తర్వాత గాలిని తిట్టాడు, ఆ తర్వాత ఉడుత ముత్తాతల దగ్గర్నుంచి అందుకున్నాడు. ఆకాశంలోంచి చుక్క రాలినట్టు ఉడుత రాలిందన్నాడు. నిజానికి ఉడుత పడింది మూరెడు ఎత్తు నుంచి. పాపం అది మూడు రోజులు తొర్రలోంచి బయటికి రాలేదు. దెబ్బ తగిలి కాదు, సిగ్గుతో.

అయినా చదివినవాళ్ళంతా ఆహా అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది వరాలమ్మ అనే అడవిపంది. ఆమె పాలవాగు అవతల ఉండేది. పగలంతా దుంపలు తవ్వుకుని సాయంత్రం ఏడుగురు పిల్లలతో ఇంటికి పోతూ, తునికి చెట్టు దగ్గర తప్పకుండా ఆగేది. తోకేశ్వరరావు వాక్యాలు కంఠతా పట్టి, పిల్లలను నిద్రపుచ్చడానికి పాటలా చెప్పుకునేది. ఆ సంగతి తెలిసినప్పుడు తోకేశ్వరరావుకు కళ్ళు చెమర్చాయి. వరాలమ్మ ఆహా అన్న పూట అతనికి ఆకలి వేసేది కాదు.

పింగళ వార్తలు మాత్రం వేరే రకం. పద్నాలుగో రోజున ఆమె రాసిన ఆకు ఇలా ఉంది:

‘ఉత్తరపు గట్టు మీద తేనెటీగలు రేగాయి, అటు వెళ్ళవద్దు. నిన్న మధ్యాహ్నం ఎలుగుబంటి భీమన్నను ఏడు చోట్ల కుట్టాయి. తేనెపట్టు కొమ్మతో సహా విరిగి పడటమే దీనికి కారణం. ఈగలు సర్దుకోవడానికి మూడు రోజులు పడుతుందని గట్టు మీది చిలుకలు చెప్పాయి. తాను తేనె కోసం వెళ్ళలేదని, చల్లగాలికి వెళ్ళానని భీమన్న అన్నాడు.’

అంతే. సగం ఆకు ఖాళీగా మిగిలింది. వచ్చినవాళ్ళు తలెత్తి మొదటి వాక్యం చదివి, ఉత్తరపు గట్టు మానుకుని దక్షిణపు దారి పట్టారు. ఒక్కరూ ఆహా అనలేదు. తోకేశ్వరరావుకు జాలి వేసింది. ఇంత చప్పగా ఉప్పులేని పప్పులా రాస్తే ఎవరు మెచ్చుకుంటారని పింగళకు సలహా ఇవ్వబోయాడు. పైగా భీమన్న పచ్చి అబద్ధం ఆడుతుంటే ఆ మాట ఎందుకు రాయలేదని నిలదీశాడు.

“అతను చెప్పింది అతను చెప్పినట్టే రాశాను, అన్నా. ఒంటి మీద ఎన్ని కాట్లున్నాయో లెక్కపెట్టి రాశాను. మిగతాది చదివినవాళ్ళు చూసుకుంటారు” అంది పింగళ.

ఆ పక్కనే ఉబ్బిన మొహంతో భీమన్న కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళు అతన్ని చూసి నవ్వు ఆపుకుంటున్నారు. అది చూసి కూడా తోకేశ్వరరావుకు బోధపడలేదు. పొగడ్తకు అలవాటు పడ్డ బుర్రలోకి ఒక్కోసారి ఏదీ ఎక్కదు.

పదిహేనో రోజు వచ్చింది. చివరి వంతు తోకేశ్వరరావుది. అతను తెల్లవారకముందే లేచి వార్త వెతుక్కుంటూ పాలవాగు వైపు వెళ్ళాడు. వాగు మీద అడ్డంగా పడిపోయిన పెద్ద మద్దిమాను ఒకటి ఉంది. అడవికి అదే వంతెన. తోకేశ్వరరావు దాని నడిమికి చేరేసరికి కాళ్ళ కింద ఫట్‌మని శబ్దం వచ్చింది.

వంగి చూశాడు. మాను నడుమ చెయ్యి దూరేంత పగులు. లోపలి నుంచి కిరకిరమని చప్పుడు. కింద వాన నీళ్ళతో వాగు ఉరకలేస్తోంది. నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ ఒడ్డుకు చేరి, చాలాసేపు రొప్పుతూ కూర్చున్నాడు. ఇంకెవరైనా దీన్ని ఎక్కితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

రొప్పు తగ్గాక మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఎంత పెద్ద వార్త దొరికింది. అదీ చివరి రోజున, తన వంతులో. ఇంత గొప్ప సంగతిని మొదటి వాక్యంలోనే పారేసుకుంటే ఇక చదివేదెవరు? దాన్ని చివరిదాకా దాచాలి. ముందు మెల్లగా మొదలుపెట్టి, అందరినీ వాగు ఒడ్డున తిప్పి, కొసమెరుపుగా ఒక్కసారి గుండె ఝల్లుమనిపించాలి. పింగళ చూసి నేర్చుకోవాలి.

కంటకమ్మ ఎప్పటిలాగే ఆరు ముళ్ళు గుచ్చి కూర్చుంది. తోకేశ్వరరావు వస్తూనే ఆరింటినీ ఒక్క చేత్తో పీకి పక్కన పెట్టాడు. అన్నిటికీ జవాబులున్నాయని, ఈసారి చదివితే కంటకమ్మ అవ్వ కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని చెప్పాడు. గబగబా ఆకు నింపి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

‘పాలవాగు పరవళ్ళు. తూరుపు కొండ మీద సూర్యుడు బంగారు పళ్ళెమై వెలిగాడు. పాలవాగు నీళ్ళ మీద ఎవరో వజ్రాలు వెదజల్లారు. గాలి వచ్చి ఆ వజ్రాలను ఏరుకుంటోంది. ఆహా, వంతెన నడిమిన నిలబడి ఈ అందం చూడని కళ్ళు కళ్ళేనా?’

కంటకమ్మ మూడో వాక్యం దగ్గర ఆవులించింది, ఐదో వాక్యం దగ్గర నిద్రపోయింది. ఆవిడ నిద్రలేచేసరికి ఆకు కొమ్మకు ఎక్కేసింది.

“ఇంతకీ ఏం జరిగిందిరా?” అని అడిగింది.

చివరిదాకా చదివినవాళ్ళకే తెలుస్తుందని గర్వంగా చెప్పి, తోకేశ్వరరావు కొండ మీదికి వెళ్ళిపోయాడు. మర్నాడు కలం తీసుకునేటప్పుడు సభలో ఇవ్వాల్సిన ఉపన్యాసం తయారు చేసుకోవాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాంటి ఉపన్యాసం అది.

ఇక్కడ తునికి చెట్టు కింద నత్తలు అప్పటికే వరసలో ఉన్నాయి. రెండు రోజుల వానకు బాగా ఆకలి మీదున్నాయి. ఆకు కొస నేలను తాకీ తాకగానే పని మొదలుపెట్టాయి. తోకేశ్వరరావు కొసమెరుపు సరిగ్గా ఆ కొసలోనే ఉంది: ‘ఈ ఉదయం ఆ వంతెన నడిమికి పగిలింది, ఎవరూ ఎక్కవద్దు.’ మొదట వచ్చిన దుప్పులు తలెత్తి సూర్యుడి దగ్గర మొదలుపెట్టి, వజ్రాల దగ్గర ఆగి, ఆహా అనుకుని, మళ్ళీ ఒకసారి చదువుకుని, నడిమికి దిగేసరికి కింద కొస లేదు. ఆ చివరి వాక్యం చదివిన భాగ్యం ఒక్క నత్తలదే.

ఆకు నడుమ ఇంకో వాక్యం ఉంది. అది మాత్రం మధ్యాహ్నం దాకా భద్రంగానే ఉంది. ‘తొండం ఉన్న భారీకాయులు కొందరు ఈమధ్య వంతెన ఎక్కి దిగడం ఎక్కువైందని అడవి కోడై కూస్తోంది’ అని. వంతెన ఎందుకు పగిలిందో తోకేశ్వరరావు చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఏదో ఒక కారణం ఉంటే బాగుంటుందని తోచి, అక్కడ ఏనుగును పెట్టాడు.

ఆ వాక్యం పెద్ద ఏనుగు గున్నమ్మ చెవిన పడింది. ఆమె చెవులు చిన్నవి కావు. తాను వంతెన ఎక్కానని కూసిన కోడి ఎవరో చూపించమని ఆమె అడవికోళ్ళ గుంపు దగ్గరికి వెళ్ళి అడిగింది. కోళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకుని, పొద్దున కూసిన మాట నిజమే కానీ అది తెల్లవారిందని మాత్రమేనని ప్రమాణం చేశాయి. గున్నమ్మకు కోపం తగ్గలేదు. తాను ఎప్పుడూ నీళ్ళలో నడిచే వాగు దాటతానని అందరికీ కళ్ళెదుటే చూపిస్తానంటూ వెళ్ళి పాలవాగులో నిలబడింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అలాగే నిలబడింది.

పొద్దు వాలుతుండగా తోకేశ్వరరావు కొండ దిగి వచ్చాడు. ఉపన్యాసం బాగా కుదిరింది. ఇక పొగడ్తలు ఏరుకోవడమే మిగిలింది. తునికి చెట్టు కింద ఒక ముసలి దుప్పి తప్ప ఎవరూ లేరు. చివర ఎలా ఉందని అతను ఆ దుప్పిని అడిగాడు. తాతా, గుండె ఝల్లుమందా లేదా చెప్పమన్నాడు.

దుప్పి తాత బుర్ర గోక్కున్నాడు. చివర ఏముందో తనకు తెలియదు కానీ, మొదలు మాత్రం అమోఘంగా ఉందన్నాడు. మేతలు ముగించుకుని, ఆ వజ్రాలు చూడాలని అడవంతా ఇప్పుడే వాగు దగ్గరికి వెళ్ళిందట. వానకు నిన్న రాత్రి ఇవతలే ఉండిపోయిన వరాలమ్మయితే పిల్లలకు స్నానాలు చేయించి మరీ తీసుకెళ్ళిందట. వంతెన నడిమి నుంచి చూస్తే ఇంకా బాగుంటుందని ఆకులో రాసి ఉంది కదా, అక్కడే కూర్చోబెడతానని చెప్పిందట.

తోకేశ్వరరావు ఆకు వైపు తిరిగాడు. సగం ఆకే వేలాడుతోంది. సూర్యుడున్నాడు, వజ్రాలున్నాయి, కళ్ళు కళ్ళేనా అన్న ప్రశ్న ఉంది. దాని కింద పన్నెండు నత్తలున్నాయి.

“నా చివరి వాక్యం ఏది?” అన్నాడు.

ఒక ముసలి నత్త నమలడం పూర్తిచేసి, కొమ్ములు మెల్లగా అతని వైపు తిప్పింది. “పొద్దున్నే మా కడుపులో పడింది, బాబూ. కాస్త వగరుగా ఉంది” అంది.

ఆ మాట పూర్తయ్యేదాకా అతను అక్కడ లేడు. చెట్టు నుంచి చెట్టుకు దూకుతూ వాగు వైపు పరిగెత్తాడు. ఏ కొమ్మ పట్టుకున్నాడో, ఏ ముల్లు గుచ్చుకుందో తెలియదు. కలం, సభ, ఉపన్యాసం ఏవీ గుర్తు లేవు. ఏడు పందిపిల్లలు మాత్రం వరసగా కళ్ళ ముందు కనబడ్డాయి.

వాగు ఒడ్డున తిరునాళ్ళలా ఉంది. దుప్పులు, కుందేళ్ళు, ఉబ్బిన మొహంతో భీమన్న, అందరూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. మద్దిమాను మీద వరాలమ్మ ముందు నడుస్తోంది, వెనక ఏడుగురు పిల్లలు. వజ్రాలేవని పిల్లలు నీళ్ళలోకి తొంగి చూస్తున్నారు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే నడిమికి చేరుతుంది.

తోకేశ్వరరావు నోరు తెరిచాడు. అలవాటు చొప్పున నాలుక మీదికి సంధ్యారాగం వచ్చింది, వరాహకుల తిలకమా అన్న పిలుపు వచ్చింది. వాటిని మింగేసి గొంతు చించుకుని అరిచాడు.

“వరాలక్కా, వెనక్కి రా. వంతెన పగిలింది.”

వరాలమ్మ ఆగింది. గిరుక్కున తిరిగి, ముట్టెతో పిల్లలను ఒడ్డు వైపు తోసింది. ఐదుగురు ఒడ్డెక్కారు. చివరి ఇద్దరు ఆఖరుసారి వజ్రాలు చూద్దామని ఒక్క క్షణం నిలబడ్డారు. మాను ఫెళఫెళమని రెండు ముక్కలయింది. వరాలమ్మ ఒక్క దూకులో ఒడ్డున పడింది, పిల్లలిద్దరూ నీళ్ళలో పడ్డారు.

ఆ ఇద్దరూ కొట్టుకుపోయేవారే, నీళ్ళలో గున్నమ్మ లేకపోతే. ఆమె ఒకడిని తొండంతో చుట్టి పైకెత్తింది. రెండోవాడు వచ్చి ఆమె కాలికి తగులుకుంటే, వాడినీ పట్టి ఒడ్డున పెట్టింది. చిన్నవాడు చాలా నీళ్ళు మింగాడు. గున్నమ్మ వాడి వీపు మీద తొండంతో రుద్దీ రుద్దీ ఆ నీళ్ళు కక్కించింది. కాసేపటికి వాడు దగ్గి, గట్టిగా ఏడ్చాడు. అంత కమ్మటి ఏడుపు తోకేశ్వరరావు జన్మలో వినలేదు.

వరాలమ్మ పిల్లలను ఒక్కొక్కరినీ నాకి చూసుకుంది. ఏడుగురూ ఉన్నారని నిశ్చయం చేసుకున్నాక అతని వైపు తిరిగింది.

“తమ్ముడూ, వంతెన పగిలిందని నీకు ముందే తెలుసా?”

“తెలుసక్కా. రాశాను.”

“ఎక్కడ రాశావు?”

“చివర.”

వరాలమ్మ మొహం తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని తోకేశ్వరరావుకు అనిపించింది. ఆమె పిల్లలను తీసుకుని ఆ రాత్రికి గున్నమ్మ పంచన తలదాచుకోవడానికి వెళ్ళిపోయింది. అతను చాలాసేపు అక్కడే తల వంచుకుని కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక కూడా ఇంకొకరు వాగు దగ్గర ఉన్నారు. పింగళ విరిగిన మాను ముక్కలోకి దూరి, ఇటు వచ్చి, అటు వెళ్ళి, గోళ్ళతో గీకి చూస్తోంది. ఆ తర్వాత గున్నమ్మ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడైనా ఆ మాను ఎక్కారా పెద్దమ్మా అని నేరుగా అడిగింది. నేనెక్కి ఉంటే అది నిరుడే పోయేది కదే అంది గున్నమ్మ. ఆ రోజంతా ఆ సంగతి ఆమెను అడిగింది పింగళ ఒక్కతే.

మర్నాడు పొద్దున తునికి చెట్టు కింద సభ జరిగింది. కలం ఎవరికో కంటకమ్మ చెప్పనక్కర్లేకపోయింది, అందరూ పింగళ వైపే చూశారు. ఆవిడ తన వీపు మీది ముళ్ళలోంచి పొడవైనది ఏరి పింగళ చేతికిచ్చింది. నీ ఆకు చదివి దారి మార్చుకున్నాం కాబట్టే మాకు తేనెటీగల కాట్లు తప్పాయి అని దుప్పులు అన్నాయి. అప్పుడు ఆహా అనడం మరిచిపోయాం అని కూడా అన్నాయి. తోకేశ్వరరావు చెట్టు వెనక నక్కి నిలబడ్డాడు. ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు లేదు.

పింగళ కలం పుచ్చుకుని, అందరూ అనుకున్నట్టు రాయడానికి కూర్చోలేదు. చెట్టు వెనక్కి వెళ్ళి తోకేశ్వరరావును పిలిచింది. వంతెన విరిగిన వార్త అతనే రాయాలంది. పగులును మొదట చూసింది అతను. అంత దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అడిగే పని మాత్రం తనది.

అతను ఒప్పుకోలేదు. తనకు మొహం చెల్లడం లేదన్నాడు. పింగళ కదల్లేదు. చివరికి వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. పింగళ ఆరు ముళ్ళు నేలలో గుచ్చింది. ఏం జరిగిందో చెప్పాడు, ఒకటి తీసింది. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, అవీ చెప్పాడు. మాను ఎలా విరిగిందో చెప్పేటప్పుడు ఏనుగు సంగతి ఎత్తబోయి నాలుక కరుచుకున్నాడు. లోపల కుళ్ళి గుల్లయిందని, గీకితే పిండిలా రాలిందని పింగళ తాను చూసింది చెప్పింది. అది రాసుకున్నాడు. ఇక ఒక్క ముల్లే మిగిలింది.

“వంతెన పగిలిన సంగతి పొద్దున్నే తెలిసినా, సాయంత్రం పిల్లలు ఎందుకు పడ్డారు?” అని అడిగింది పింగళ.

తోకేశ్వరరావు కలం వైపు చూశాడు, ఆకు వైపు చూశాడు. వానలని రాయొచ్చు. నత్తలని రాయొచ్చు. విధి అని అందంగా కూడా రాయొచ్చు. ఈ మూడూ అతనికి తట్టాయి. తట్టినందుకు సిగ్గు కూడా వేసింది.

“నేను చివర రాసినందుకు” అన్నాడు.

పింగళ ఆఖరి ముల్లు తీసింది.

అతను ఆకు పైభాగాన, ఈనె పక్కన, మొదటి అక్షరం పెట్టాడు. ఒక్క అలంకారం కూడా వాడకుండా రాశాడు. అలా రాయడం అతనికి ఎంత కష్టమయిందో అతనికే తెలుసు.

‘పాలవాగు వంతెన విరిగింది, దాటేవాళ్ళు గుండ్రాళ్ళ రేవు మీదుగా వెళ్ళాలి. నిన్న సాయంత్రం వరాలమ్మ పిల్లలు ఇద్దరు వాగులో పడ్డారు, గున్నమ్మ వారిని కాపాడింది. వంతెన పగిలిన సంగతి కొండముచ్చు తోకేశ్వరరావుకు పొద్దున్నే తెలుసు. అతను దాన్ని వార్త చివర రాయడం వల్ల ఎవరికీ తెలియలేదు. మద్దిమాను లోపల కుళ్ళి విరిగిందని ముంగిస పింగళ చూసి చెప్పింది. గున్నమ్మ వంతెన ఎక్కిందని తోకేశ్వరరావు రాసింది తప్పు, ఆమె ఎప్పుడూ ఎక్కలేదు.’

దాన్ని అందరికీ చదివి వినిపించారు. భీమన్న ఏదో ఎగతాళి చేయబోయి, తోకేశ్వరరావు మొహం చూసి మానుకున్నాడు. గున్నమ్మ ఆరో వాక్యం రెండుసార్లు చదివించుకుని, తొండం ఊపుకుంటూ వెళ్ళిపోయింది. నత్తలు కొస దగ్గర పని మొదలుపెట్టాయి.

ఆ రోజంతా తోకేశ్వరరావు ఆ చెట్టు మీదే ఉన్నాడు. పొగడ్త కోసం కాదు. పొద్దు వాలాక వరాలమ్మ వచ్చింది, ఏడుగురూ వెనకే ఉన్నారు. అప్పటికి ఆకు కింది సగం పోయింది. ఆమె పైనున్న అతన్ని చూసిందో లేదో తెలియదు. ఆకు ముందు ఆగి, తలెత్తి మొదటి వాక్యం చదువుకుంది. తర్వాత చిన్నవాడిని ముట్టెతో మెల్లగా ముందుకు తోసి, ఏడుగురినీ వెంటబెట్టుకుని గుండ్రాళ్ళ రేవు వైపు నడిచింది.

నీతి: పదిమందికి పనికొచ్చే మాటను ముందు చెప్పాలి, కళ్ళతో చూసింది, అడిగి తెలుసుకున్నది మాత్రమే చెప్పాలి, మెప్పు కోసం అసలు సంగతిని దాచితే, ఆ నష్టం మనల్ని నమ్మినవాళ్ళ మీద పడుతుంది.